నడిచేది గంట.. కూర్చునేది పది గంటలు!
మధుమేహులు మరచిపోతున్న రెండు మందులు: కదలిక, నిద్ర

చిక్కడపల్లి: తెల్లవారకముందే ఇందిరాపార్కుకు వెళ్లి నాలుగు చుట్లు నడుస్తారు. ఇంటికి వచ్చి మాత్ర వేసుకుని, రెండు ఇడ్లీలతో సరిపెట్టుకుంటారు. తీపి జోలికి పోరు. తొమ్మిది గంటలకు దుకాణంలో గల్లాపెట్టె ముందు కూర్చుంటే మధ్యాహ్న భోజనానికి తప్ప లేవరు. రాత్రి పది గంటలకు షట్టరు దించి, ఇంటికి చేరి భోజనం ముగించి, టీవీ చూసి, పన్నెండు దాటాక పడక ఎక్కుతారు. మళ్లీ అయిదింటికే మెలకువ. మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయిస్తే మాత్రం చక్కెర తగ్గిన దాఖలా కనిపించదు. 'రోజూ నడుస్తున్నాను, తీపి మానేశాను, మందులు వేళకు వేసుకుంటున్నాను. అయినా షుగర్ ఎందుకు దిగడం లేదు?' చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాల్లో ఎన్నో ఇళ్లలో వినిపించే ప్రశ్న ఇది.

దీనికి జవాబు చాలామంది విషయంలో ఉదయం నడిచిన ఆ గంటలో లేదు. మిగిలిన 23 గంటల్లో ఉంది. పగలు ఎంతసేపు కదలకుండా కూర్చుంటున్నాం, రాత్రి ఎంతసేపు, ఎంత ప్రశాంతంగా నిద్రిస్తున్నాం అన్నవి కూడా రక్తంలో చక్కెరను శాసిస్తాయని గత రెండు, మూడు దశాబ్దాల పరిశోధనలు తేల్చాయి. అమెరికా, ఐరోపాలకు చెందిన మధుమేహ వైద్య సంఘాలు 2022లో ఉమ్మడిగా వెలువరించిన మార్గదర్శకాల్లో ఆహారం, వ్యాయామంతో పాటు కూర్చునే సమయాన్నీ, నిద్రనూ చికిత్సలో భాగంగానే చేర్చాయి.

కూర్చోబెట్టే బతుకులు

నగరంలో కూర్చుని చేసే పనులకు, కూర్చుని గడిపే కాలక్షేపాలకు ఈ ప్రాంతం పెట్టింది పేరు. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో ఉదయం కుర్చీ దొరికించుకున్న ఉద్యోగార్థి సాయంత్రం వరకు దాన్ని వదలడు. అశోక్‌నగర్ కోచింగ్ కేంద్రాల్లో తరగతి తరువాత తరగతి, ఆపై హాస్టల్ గదిలో మంచం మీదే చదువు. ప్రధాన రహదారికి ఇరువైపులా ఉన్న దుకాణదారులు, బ్యాంకు ఉద్యోగులు, గుమస్తాలు, దర్జీలు, ఆటో, క్యాబ్ డ్రైవర్లు.. అందరిదీ ఆసనానికి అతుక్కుపోయిన జీవనమే. పదవీ విరమణ చేసిన వారికి పగలు దినపత్రిక, టీవీ. సాయంత్రం త్యాగరాయ గానసభలో కచేరీయో, సాహిత్య సభో ఉంటే మరో రెండు, మూడు గంటలు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమాకు వెళ్లినా కూర్చోవలసిందే.

వీటిలో ఏదీ తప్పు పని కాదు. చదువు, సంగీతం, వ్యాపారం ఈ పేటకు పేరు తెచ్చినవే. అయితే గంటల తరబడి కాలు కదపకుండా కూర్చోవడమే మధుమేహం ఉన్నవారికి, వచ్చే అవకాశం ఉన్నవారికి చేటు చేస్తోంది. కూర్చుని తింటే కొండలైనా తరుగుతాయని సామెత. కొండల మాటెలా ఉన్నా, రక్తంలోని చక్కెర మాత్రం కూర్చుంటే తరగదు.

హైదరాబాద్‌కు పాతికేళ్ల కిందటి హెచ్చరిక

దేశంలోని 6 మహానగరాల్లో 20 ఏళ్లు దాటిన 11,216 మందిపై 2000వ సంవత్సరంలో జాతీయ పట్టణ మధుమేహ సర్వే జరిగింది. మరుసటి ఏడాది ఫలితాలు వెలువడ్డాయి. అన్నిటికంటే ఎక్కువగా హైదరాబాద్‌లో 16.6 శాతం మందికి మధుమేహం ఉన్నట్లు తేలింది. చెన్నైలో 13.5, బెంగళూరులో 12.4, కోల్‌కతాలో 11.7, ఢిల్లీలో 11.6, ముంబయిలో 9.3 శాతంగా నమోదైంది. అంటే నాడే నగరంలో వయోజనుల్లో ప్రతి ఆరుగురిలో ఒకరు దీని బారిన పడ్డారు.

ఆ తరువాత పరిస్థితి దేశమంతటా విషమించింది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన భారీ అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, మరో 13.6 కోట్ల మందికి దాని ముందుదశ ఉన్నట్లు అంచనా వేశారు. అదే అధ్యయనం తొలి విడతలో మూడు రాష్ట్రాలు, చండీగఢ్ ప్రజల శారీరక శ్రమను పరిశీలించారు. 2014లో ప్రకటించిన ఆ వివరాల ప్రకారం 54 శాతం మంది తగినంత కదలిక లేనివారే. పట్టణాల్లో ఇది 65 శాతం. తీరిక వేళల్లో వ్యాయామం చేసేవారు పది శాతం కూడా లేరు.

కూర్చుంటే ఏమవుతుంది?

మనం తిన్న అన్నం, రొట్టె జీర్ణమై గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది. దాన్ని ఎక్కువగా వినియోగించుకునేది కండరాలే. అందులోనూ తొడలు, పిరుదులు, పిక్కల్లోని పెద్ద కండరాలది ప్రధాన పాత్ర. కండర కణం తలుపు తెరుచుకుని గ్లూకోజు లోపలికి వెళ్లడానికి రెండు తాళంచెవులు ఉన్నాయనుకోవచ్చు. మొదటిది ఇన్సులిన్. రెండోది కండరం సంకోచించడం, అంటే కదలిక. రెండో రకం మధుమేహంలో మొదటి తాళంచెవి సరిగా పనిచేయదు. ఇన్సులిన్ ఉన్నా కణం దానికి స్పందించదు. రెండో తాళంచెవి మాత్రం చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది. ఇన్సులిన్ సాయం అంతగా లేకున్నా, కండరం కదిలితే గ్లూకోజు లోపలికి వెళుతుంది.

కుర్చీలో కూర్చున్నప్పుడు ఈ పెద్ద కండరాలు దాదాపు పనిలేకుండా ఉంటాయి. అంటే మధుమేహుడు తన చేతిలో మిగిలి ఉన్న రెండో తాళంచెవినీ పక్కన పెట్టేసినట్లే. ఉదయం నడక మేలు చేస్తుంది. దాని ప్రభావం కొన్ని గంటల పాటు, ఒక్కోసారి మరునాటి వరకూ ఉంటుంది. కానీ టిఫిను తరువాత, భోజనం తరువాత చక్కెర ఎగబాకే సమయంలో కదలకుండా ఉంటే ఆ మేలు చాలావరకు కరిగిపోతుంది. నడకను మానాలని దీని అర్థం కాదు. వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మధుమేహం ఉన్నవారికీ అది వర్తిస్తుంది. దానికి తోడు కూర్చునే సమయాన్ని తగ్గించుకోవాలని అదే పత్రంలో సూచించింది.

డ్రైవరు.. కండక్టరు

కూర్చోవడం హానికరమన్న ఆలోచనకు బీజం పడింది బస్సులోనే. బ్రిటన్‌లో వైద్య పరిశోధకుడు జెర్రీ మోరిస్ బృందం లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పరిశీలించి 1953లో ఫలితాలు ప్రకటించింది. రోజంతా సీటులో ఉండే డ్రైవర్ల కంటే, మెట్లెక్కుతూ దిగుతూ టికెట్లు ఇచ్చే కండక్టర్లలో గుండెజబ్బులు తక్కువగా కనిపించాయి. సంస్థ ఒకటే, బస్సు ఒకటే, తేడా పనిలోని కదలికది. డ్రైవర్లు ఉద్యోగంలో చేరినప్పటి నుంచే కొంత లావుగా ఉండేవారన్న సంగతి తరువాత బయటపడింది కానీ, కదలికకు గుండె ఆరోగ్యంతో ఉన్న సంబంధాన్ని ఆ పైన వచ్చిన అధ్యయనాలు మరింత బలపరిచాయి.

మధుమేహుల విషయంలో సూటి ఆధారం ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నుంచి 2016లో వచ్చింది. రెండో రకం మధుమేహం ఉన్న 24 మందిని ఒక రోజు 8 గంటల పాటు ఏకధాటిగా కూర్చోబెట్టారు. మరో రోజు ప్రతి అరగంటకు లేచి 3 నిమిషాలు నెమ్మదిగా నడవమన్నారు. ఇంకో రోజు నడకకు బదులు నిలుచున్న చోటే సగం గుంజీలు, మడమలు పైకెత్తి దించడం, మోకాళ్లు పైకెత్తడం వంటివి 3 నిమిషాలు చేయించారు. తిండి మూడు రోజులూ ఒక్కటే. కూర్చున్న రోజుతో పోలిస్తే మిగతా రెండు రోజుల్లోనూ భోజనానంతర చక్కెర పెరుగుదల దాదాపు 39 శాతం తగ్గింది. పరీక్షలో పాల్గొన్నవారు తక్కువే అయినా, ఇదే దిశలో మరికొన్ని అధ్యయనాలు ఉన్నాయి. అందుకే ప్రతి 30 నిమిషాలకోసారి కూర్చోవడానికి విరామం ఇవ్వాలన్న సూచన అంతర్జాతీయ మార్గదర్శకాల్లో చోటు చేసుకుంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. చెమట పట్టేలా పరుగెత్తమని ఎవరూ అనడం లేదు. మోకాళ్ల నొప్పులు ఉన్నవారు కుర్చీ వీపును పట్టుకుని మడమలు ఎత్తి దించినా చాలు. ఖర్చు లేదు, ప్రత్యేక దుస్తులు అక్కర్లేదు.

రాత్రి భోజనం తరువాత పది నిమిషాలు

భోజనమయ్యాక నూరడుగులు వేయాలని మన పెద్దలు చెప్పేవారు. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు 41 మంది మధుమేహులపై జరిపి 2016లో ప్రకటించిన అధ్యయనం ఈ మాటకు బలం చేకూర్చింది. రోజులో వీలున్నప్పుడు ఒకేసారి 30 నిమిషాలు నడవడం కంటే, మూడు పూటలా తిన్న వెంటనే పది నిమిషాల చొప్పున నడిచినప్పుడు భోజనానంతర చక్కెర సగటున 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తరువాత ఈ తేడా 22 శాతానికి చేరింది. కారణం సులభంగానే ఊహించవచ్చు. రాత్రిపూట ఎక్కువ అన్నం తినడం, ఆపై కదలకుండా కూర్చోవడం ఆ దేశంలోనూ ఉన్న అలవాటే.

మన ప్రాంతంలో వ్యాపారులు, ఉద్యోగులు రాత్రి తొమ్మిది, పది గంటలకు కడుపునిండా అన్నం తిని, అలాగే నడుం వాల్చడం పరిపాటి. ఒక్కరోజులో మార్చదగిన అలవాటు ఏదైనా ఉందంటే అది ఇదే. వీధిలో వాహనాల రద్దీ ఉంటే డాబా మీద, అపార్టుమెంటు ఆవరణలో, చివరకు వంటింటి నుంచి వరండా వరకు పది నిమిషాలు అటూ ఇటూ తిరిగినా ఫలితం ఉంటుంది.

నిద్ర తగ్గితే చక్కెర పెరుగుతుంది

పగటి సంగతి ఇలా ఉంటే, రాత్రిది మరో కథ. అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో 1999లో ఒక ప్రయోగం జరిగింది. ఆరోగ్యవంతులైన 11 మంది యువకులను ఆరు రాత్రుల పాటు 4 గంటలే పడుకోనిచ్చారు. వారం తిరగకుండానే గ్లూకోజును వినియోగించుకునే శక్తి వారి శరీరాల్లో గణనీయంగా మందగించింది. తరువాత కంటినిండా నిద్రపోనిచ్చినప్పుడు పరిస్థితి చక్కబడింది. మధుమేహం లేని యువకుల్లోనే ఇంత మార్పు వస్తే, ఉన్నవారి మాట చెప్పనక్కర్లేదు.

ఇలా జరగడానికి కారణాలు అనేకం. నిద్ర చాలనప్పుడు ఒత్తిడి హార్మోను కార్టిసాల్ సాయంత్రం వేళల్లో తగ్గవలసినంతగా తగ్గదు. దానివల్ల ఇన్సులిన్ పని మందగిస్తుంది. ఆకలిని రేపే హార్మోను పెరిగి, కడుపు నిండిందని చెప్పే హార్మోను తగ్గుతుంది. రాత్రి పొద్దుపోయేదాకా మేలుకుంటే బిస్కట్లు, మిక్చరు వైపు చేయి వెళ్లడం అందుకే. మరునాడు నీరసం వల్ల నడకకు వెళ్లబుద్ధి కాదు, కుర్చీ నుంచి లేవాలనిపించదు. అంటే నిద్ర లేమి, కూర్చోవడం ఒకదానికొకటి తోడుదొంగలు.

రోజుకు 6 గంటల కంటే తక్కువ నిద్రపోయేవారిలోనూ, 8 గంటలు దాటి పడుకునేవారిలోనూ మూడు నెలల చక్కెర సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ ఎక్కువగా ఉంటున్నట్లు 2022 మార్గదర్శకాలు పేర్కొన్నాయి. ఎక్కువసేపు పడుకోవడం హాని చేస్తుందనే కంటే, నాణ్యమైన నిద్ర లేదనడానికో, మరో జబ్బు ఉందనడానికో అది గుర్తు కావచ్చు. పెద్దలకు 7 గంటలకు తగ్గని నిద్ర మేలు.

చక్కెర పెరిగితే నిద్ర చెడుతుంది

ఇది రెండువైపులా పదునున్న కత్తి. చక్కెర అదుపులో లేకపోతే మూత్రపిండాలు దాన్ని మూత్రం ద్వారా బయటకు పంపుతాయి. దాంతో రాత్రి మూడు, నాలుగుసార్లు లేవాల్సి వస్తుంది. దాహం వేస్తుంది. నరాలు దెబ్బతిన్నవారికి అరికాళ్లు మండుతాయి, సూదులతో గుచ్చినట్లు ఉంటుంది. ఈ బాధలు రాత్రే ఎక్కువ. కొందరికి పడుకోగానే కాళ్లు కదపకుండా ఉండలేని పరిస్థితి ఎదురవుతుంది. ఇలా నిద్ర చెడి చక్కెర పెరగడం, చక్కెర పెరిగి నిద్ర చెడడం ఒక విషవలయంగా మారుతుంది.

రాత్రిపూట చక్కెర మరీ పడిపోవడం ఇంకో ప్రమాదం. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వంటి మందులు వాడేవారు రాత్రి సరిగా తినకపోయినా, సాయంత్రం అలవాటు లేని శ్రమ చేసినా ఇలా జరగవచ్చు. పీడకలలు, ఒళ్లంతా చెమటతో తడవడం, ఉదయం తలనొప్పి దీని గుర్తులు. పరగడుపు చక్కెర ఎప్పుడూ ఎక్కువగా ఉంటుంటే వెంటనే సొంతంగా మందు పెంచుకోకూడదు. వైద్యుని సలహాతో ఒకటి, రెండు రోజులు తెల్లవారుజామున మూడు గంటలకు కూడా పరీక్షించుకుంటే అసలు కారణం తెలుస్తుంది. తెల్లవారుజామున సహజంగా పెరిగే హార్మోన్ల వల్ల చక్కెర పెరిగిందా, రాత్రి పడిపోయి తిరిగి పెరిగిందా అన్నదాన్ని బట్టి చికిత్స మారుతుంది.

గురకను నవ్వులాటగా తీసుకోవద్దు

'పడుకోగానే గురక పెడతారు, ఎంత హాయిగా నిద్రపోతారో' అని ఇంట్లోవాళ్లు మురిసిపోవడం కద్దు. పెద్దగా గురక, మధ్యలో కొన్ని క్షణాలు శ్వాస ఆగినట్లు నిశ్శబ్దం, ఆపై ఉలిక్కిపడినట్లు గట్టిగా ఊపిరి తీసుకోవడం.. ఇవి హాయికి కాదు, స్లీప్ ఆప్నియా అనే జబ్బుకు గుర్తులు. గొంతు వద్ద శ్వాసమార్గం మూసుకుపోయి, రక్తంలో ప్రాణవాయువు తగ్గి, మెదడు మాటిమాటికీ మేల్కొంటుంది. రాత్రంతా ఎన్నోసార్లు ఇలా జరిగినా పడుకున్న మనిషికి తెలియదు. ఉదయం నోరు ఎండిపోయి, తల భారంగా ఉంటుంది. పగలు కూర్చున్న చోటే కునికిపాట్లు పడతారు. మందులకు లొంగని రక్తపోటుకూ ఇది కారణం కావచ్చు.

స్థూలకాయం, మధుమేహం రెండూ ఉన్న 306 మందిని అమెరికాలో పరీక్షించి 2009లో ప్రకటించిన అధ్యయనంలో 86 శాతానికి పైగా ఈ సమస్య ఉన్నట్లు తేలింది. వారిలో చాలామందికి అంతకుముందు ఆ సంగతే తెలియదు. భారతీయుల్లో పెద్దగా లావు లేకపోయినా పొట్ట, మెడ చుట్టూ కొవ్వు పేరుకునే తీరు ఉంది కాబట్టి, సన్నగా ఉన్నామని నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు.

ఈ లక్షణాలు ఉంటే వైద్యునికి తప్పక చెప్పాలి. మధుమేహ పరీక్షకు వెళ్లినప్పుడు నిద్ర గురించి ఆయన అడగకపోయినా మనమే చెప్పాలి. పెద్ద ఆసుపత్రుల్లో రాత్రంతా శ్వాస, గుండె, ప్రాణవాయువు స్థాయిలను నమోదు చేసే నిద్ర పరీక్ష చేస్తారు. బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, మద్యం మానడం మొదటి మెట్టు. తీవ్రంగా ఉంటే ముక్కుకు తొడుగు పెట్టి గాలిని పంపే యంత్రం వాడతారు. ఆ యంత్రంతో చక్కెర తప్పక తగ్గుతుందని పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పడం లేదు. కానీ పగటి మత్తు వదలడం, రక్తపోటు కొంత దిగడం ఖాయంగా కనిపించే లాభాలు. మత్తుగా ఉండే మనిషి బండి నడిపితే ఎదురయ్యే ముప్పును తలచుకుంటే ఆ ఒక్క లాభమే ఎంతో విలువైనది. ఇలాంటివారు నిద్ర పట్టడం లేదని దుకాణంలో మాత్రలు కొని వేసుకోవడం ప్రమాదకరం. కొన్ని నిద్రమాత్రలు శ్వాసను మరింత మందగింపజేస్తాయి.

చదువుకునే యువతా.. మేలుకో!

మధుమేహం ముసలివారి జబ్బన్న మాట ఎప్పుడో పాతబడింది. పాశ్చాత్యుల కంటే భారతీయులకు పదేళ్లు ముందుగానే ఇది వస్తోంది. గ్రూప్స్, సివిల్స్, బ్యాంకు పరీక్షల కోసం జిల్లాల నుంచి వచ్చి అశోక్‌నగర్ హాస్టళ్లలో ఏళ్ల తరబడి ఉండే యువతీ యువకుల దినచర్య ఈ జబ్బుకు ఆహ్వానపత్రిక లాంటిది. పగలంతా కుర్చీ, వేళాపాళా లేని తిండి, అర్ధరాత్రి టీ, నాలుగైదు గంటల నిద్ర, పైన ఫలితాల బెంగ. తల్లిదండ్రుల్లో ఎవరికైనా మధుమేహం ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ.

నిద్ర మానుకుని చదివితే ఎక్కువ గుర్తుంటుందన్నది భ్రమ. పగలు చదివిన విషయాలను మెదడు పదిలపరచుకునేది నిద్రలోనే. అరగంటకోసారి లేచి గ్రంథాలయం వరండాలో రెండు నిమిషాలు నడిచి వచ్చినందువల్ల చదువు చెడదు. చదివిందాన్ని నెమరు వేసుకోవడానికి ఆ రెండు నిమిషాలు పనికొస్తాయి. కుటుంబంలో మధుమేహం ఉన్నవారు, నడుము చుట్టుకొలత పెరిగినవారు పాతికేళ్లకే ఒకసారి రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది. పరీక్షలకు డబ్బు లేదన్న బెంగ అక్కర్లేదు. బస్తీ దవాఖానాల్లో సేకరించిన రక్త నమూనాలను ఉచితంగా పరీక్షించే తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రం 2018లో మొదలైంది మన నారాయణగూడ ఐపీఎం ఆవరణలోనే.

మన పేటలో ఇలా చేయవచ్చు

* దుకాణదారులు నీళ్ల సీసాను గల్లాపెట్టె పక్కన కాక, దుకాణం వెనుక పెట్టుకోవాలి. దాహం వేసిన ప్రతిసారీ లేవక తప్పదు. ఫోను మోగితే నిలబడి, నడుస్తూ మాట్లాడాలి. సరకు అందించే పని అన్నిసార్లూ పనివాడికే అప్పగించకూడదు.

* గ్రంథాలయంలో, కార్యాలయంలో ఉండేవారు ఫోనులో అరగంటకోసారి శబ్దం లేకుండా కదిలే అలారం పెట్టుకోవచ్చు.

* కచేరీలు, సభలకు వెళ్లేవారు చివరి వరుసలోనో, నడవ పక్కనో కూర్చుంటే ఎవరికీ ఇబ్బంది లేకుండా మధ్యలో లేవవచ్చు. సినిమాలో విరామాన్ని సమోసా కోసం కాక నడక కోసం వాడుకోవాలి.

* చిక్కడపల్లి, నారాయణగూడ మెట్రో స్టేషన్లు 2020 ఫిబ్రవరి 7న ప్రారంభమయ్యాయి. మోకాళ్లు, గుండె సహకరించేవారు ఎస్కలేటరు బదులు మెట్లు ఎక్కవచ్చు.

* ఎండాకాలంలో పగలు బయట నడవలేం. ఇంట్లోనే ప్రతి అరగంటకు కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం మంచి వ్యాయామం. టీవీలో ప్రకటనలు వచ్చినప్పుడల్లా లేవాలన్న నియమం పెట్టుకున్నా సరే.

* రాత్రి భోజనం పడుకోవడానికి రెండు, మూడు గంటల ముందే ముగించాలి. దుకాణం నుంచి రావడం ఆలస్యమైతే ఎనిమిదింటికే అక్కడ కొంత తిని, ఇంట్లో తేలికగా ముగించవచ్చు. మందు వేళల గురించి మాత్రం ముందుగా వైద్యుణ్ని అడగాలి.

* సాయంత్రం నాలుగు గంటల తరువాత కాఫీ, టీలు తగ్గించాలి. తాగిన అయిదారు గంటలకు కూడా అందులోని కెఫీన్ సగం వరకు ఒంట్లోనే ఉంటుంది.

* పడుకునే వేళ, లేచే వేళ సెలవు రోజుల్లోనూ ఒకటే ఉండాలి. గంట ముందు టీవీ, సెల్‌ఫోన్ పక్కన పెట్టాలి. పగటి కునుకు అరగంట మించకూడదు, అదీ మధ్యాహ్నం మూడింటిలోపే.

* పడుకున్న ఇరవై నిమిషాలకు కూడా నిద్ర పట్టకపోతే గడియారం చూస్తూ దొర్లకుండా లేచి, మందమైన వెలుతురులో ఏదైనా చదువుకుని, కళ్లు మూతలు పడుతున్నప్పుడు తిరిగి పడుకోవాలి. ఇలా వారానికి మూడు రాత్రుల చొప్పున నెలల తరబడి సాగితే వైద్యుణ్ని సంప్రదించాలి.

జాగ్రత్తలు తప్పనిసరి

ఇన్సులిన్ లేదా చక్కెరను బాగా తగ్గించే మాత్రలు వాడేవారు కదలిక పెంచినప్పుడు చక్కెర మరీ పడిపోకుండా చూసుకోవాలి. జేబులో గ్లూకోజు పొడో, పంచదార పొట్లమో ఉంచుకోవాలి. వణుకు, చెమట, కళ్లు తిరగడం వంటివి కనిపించినా, పరీక్షలో 70 కంటే తక్కువ వచ్చినా 15 గ్రాముల గ్లూకోజు, లేదా మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాల తరువాత మళ్లీ పరీక్షించుకోవాలి. పాదాల్లో స్పర్శ తగ్గినవారు ఇంట్లోనైనా చెప్పులు లేకుండా నడవరాదు. రోజూ పడుకునే ముందు అరికాళ్లు చూసుకోవాలి. పాదంపై పుండు ఉన్నవారు, కంటిలోని రక్తనాళాలు దెబ్బతిన్నవారు, గుండెజబ్బు ఉన్నవారు కొత్తగా వ్యాయామం మొదలుపెట్టే ముందు వైద్యుని అనుమతి తీసుకోవాలి. కదలిక, నిద్ర మందులకు తోడే తప్ప బదులు కావు. చక్కెర దిగింది కదా అని మాత్రలు సొంతంగా మానేయకూడదు.

రేపటి నుంచే మొదలుపెట్టాలనుకునేవారు ముందుగా ఒక పని చేయవచ్చు. ఒక కాగితం తీసుకుని, ఒక్కరోజు ఎన్ని గంటలు కూర్చున్నారో, ఎన్నింటికి పడుకున్నారో, రాత్రి ఎన్నిసార్లు లేచారో రాసుకోవాలి. చాలామందికి ఆ లెక్కే కళ్లు తెరిపిస్తుంది. తరువాతి మూడు నెలలు అరగంటకోసారి లేవడం, రాత్రి భోజనం తరువాత పది నిమిషాల నడక, వేళకు నిద్ర.. ఈ మూడింటినీ పాటించి మళ్లీ హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకోవాలి. ఆ కాగితాన్నీ, ఈ నివేదికనూ కలిపి వైద్యునికి చూపిస్తే చికిత్సలో ఏం మార్చాలో ఆయనకూ తెలుస్తుంది. కళ్లు, మూత్రపిండాలు, పాదాలు చెడిపోయాక లక్షలు పోసినా తిరిగిరావు. ఇందిరాపార్కులో ఉదయం వేసిన అడుగులు వృథా కాకూడదంటే, మిగిలిన 23 గంటలనూ పట్టించుకోవాలి.